మరల చూచుట



డాక్టరు వులిమిరి రామలింగస్వామిగారి స్మృతికై జరుగుచున్న ఈ సభలో ప్రసంగింపుమని నన్ను కోరినపుడు, కత్తి పట్టి బ్రదికినవాని కిక్కడ నేమి పని యను సంకోచము నాకు కలిగిన మాట నిజము. ఆయన శస్త్రవైద్యులు కారు. వ్యాధి సోకిన కణజాలమును సూక్ష్మదర్శినిలో పరిశీలించి రోగమూలమును వెదకు శాస్త్రమునందు నిష్ణాతులు. 1921లో శ్రీకాకుళమున జన్మించి, విశాఖపట్టణములోని ఆంధ్ర వైద్యకళాశాలలో చదివి, కూనూరులోని పోషకాహార పరిశోధనశాలలో పనిచేసి, ఆక్సుఫర్డులో డాక్టరేటు పొంది, ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థకు అధిపతియై, పిమ్మట భారత వైద్య పరిశోధన మండలికి డైరెక్టరు జనరలుగా నుండినవారు. అయినను నా సంకోచ మెక్కువసేపు నిలువలేదు. ఏలయన, మెడమీది గడ్డను కోసి తీయుటయే జీవనోపాధిగా పెట్టుకొన్న నావంటివానికి, ఆ గడ్డ అసలు పుట్టకుండ చేయు మార్గమును ఈ దేశమున రుజువుచేసి చూపినవా రాయనయే. మా గిరాకీని తగ్గించిన మనిషిని స్మరించు భాగ్యము మాకుగాక మరెవ్వరికి దక్కవలెను?

హిమాలయ పాదప్రాంతమునందలి కాంగ్రా లోయలో ఊరూర మెడలు వాచినవారు కనబడుచుండిన కాలమది. కరగిన మంచును కురిసిన వానయు యుగయుగములుగా నేలలోని అయోడినును కడిగివేయుటచేత, పండిన పంటలో అది లేక, తిన్న మనిషి నెత్తుటిలో అది చాలక, కంఠమూలమందలి చిన్న గ్రంథి దొరకని ద్రవ్యమునకై పాటుపడి పాటుపడి తానే పెరిగి గడ్డ యగుచుండెను. 1956లో రామలింగస్వామిగారును వారి సహచరులును ఆ ప్రాంతమును మూడు మండలములుగా విభజించి, ఒకదానికి పొటాషియము అయోడైడు కలిపిన ఉప్పును, మరియొకదానికి పొటాషియము అయోడేటు కలిపిన ఉప్పును, మూడవదానికి ఏమియు కలుపని ఉప్పును సరఫరా చేయించిరి. ఆరేండ్ల పిమ్మట మరల పోయి పిల్లల మెడలు తడవి చూచిరి. మొదట నూటికి 38 మందికి కనబడిన గడ్డ, అయోడిను ఉప్పు తిన్న రెండు మండలములలోను దాదాపు సగమునకు తగ్గియుండెను; ఉత్త ఉప్పు తిన్నచోట తగ్గలేదు. అటుపిమ్మట ఆ మూడవ మండలమువారికిని అయోడిను ఉప్పే యిచ్చి, మరికొన్ని యేండ్లకు మరల పోయి చూచిరి, అక్కడను తగ్గుచుండెను. 1962లో దేశమున గళగండ నివారణ కార్యక్రమము మొదలగుటకు పునాది ఆ తొలి ఆరేండ్ల ఫలితముతోనే పడినది.

ఈ కథను చెప్పువారెల్లరు ఉప్పును గూర్చి చెప్పుదురు. నన్ను పట్టి నిలిపినది మాత్రము ఉప్పు కాదు. ‘మరల పోయి’ యన్న ఆ రెండు మాటలు. కూనూరు పరిశోధనశాలకు మూలపురుషుడైన రాబర్టు మెక్కారిసను దొర, ఇరువదవ శతాబ్ది తొలి సంవత్సరములలో గిల్గిత్తున సైనికవైద్యుడుగా నుండి, గడ్డకు నీటిలోని మాలిన్యమే కారణమని నమ్మి, ఆ నీటిని వడగట్టగా మిగిలిన మడ్డిని తానును తనతోడి కొందరును త్రాగి, తమ మెడలను తామే పరీక్షించుకొన్న ధీరుడు. ఆయన యూహ పూర్తిగా నిలువలేదు గాని ఆ సాహసము నిలిచినది. ఆ పరిశోధనశాలయే 1958లో హైదరాబాదునకు తరలివచ్చినది. నేడు జాతీయ పోషకాహార సంస్థ యని మనము పిలుచుచున్నది దానినే. సాహసము గొప్పదే. కాని ఉప్పు పంచి, ఇంటికి పోయి, ఆరేండ్లు ఓపికపట్టి, అవే గ్రామములకు మరల కొండ లెక్కి పోవుటకు వలసినది మరొక జాతి ధైర్యము. దానికి కీర్తి తక్కువ, ఖర్చు ఎక్కువ. నేటి నా ప్రసంగమంతయు ఆ రెండవ ధైర్యమును గూర్చియే.

గళగండ మను మాట మనకు సుశ్రుతునినాడే యున్నది. మా రోగులు దానిని గొంతు గడ్డ యందురు, మెడ వాపందురు; పట్టణవాసులైనచో “నాకు థైరాయిడ్ ఉందండీ” అందురు. థైరాయిడు లేనివా రెవ్వరమ్మా, అది లేకున్న బ్రదుకెక్కడిది యని నేను నవ్వుచుందును. నిజమునకు అది లేనివారు నేను కోసి పంపినవారే.

ఆ గ్రంథిని కోయుట యనగా 19వ శతాబ్ది మధ్యభాగమున హత్యాప్రయత్నముతో సమానముగా నుండెను. నెత్తురు దానిలో అంత విరివిగా ప్రవహించును. అట్టి స్థితిలో స్విట్జర్లాండు దేశపు బెర్ను నగరమున 1872లో, ముప్పదియొకటవ యేట, ఆచార్యపదవి నందుకొన్న థియొడోరు కోచెరు ఆ శస్త్రచికిత్సకు రూపురేఖలు దిద్దెను. ఆల్ప్సు లోయలు కూడ మన హిమాలయ లోయలవలెనే గడ్డల నిలయములు. ఆయనకు రోగులకు కొదువ లేదు. నెత్తుటిని చుక్కచుక్కగా అదుపుచేయుచు, సన్నని నాళమును సైతము విడిగా పట్టి కట్టుచు, తొందరపాటు నెఱుగక పనిచేసిన ఆ మహాశయుని చేతిలో, జీవితాంతమునకు 5000కు పైబడిన ఆపరేషనులు జరిగి, మరణములు నూటికి ఒకటికంటె తక్కువకు దిగివచ్చినవి. 1909లో నోబెలు బహుమానము వచ్చినది. ఇంతవరకు ఇది విజయగాథ.

కాని నేను మీకు చెప్పదలచినది ఆయన పరాజయమును గూర్చి. 1874లో ఆయన పదునొకండేండ్ల బాలికకు గ్రంథిని సమూలముగా తీసివేసెను. గాయము మానినది, పిల్ల ఇంటికి పోయినది. కొంతకాలమునకు ఆ పిల్లను పంపిన గ్రామవైద్యుడు, ఆమె మనిషి మారిపోయినదని, నడతయు మాటయు మందగించినవని తెలియజేసెను. కోచెరు ఆ మాటను అప్పటికి అంతగా పట్టించుకొన్నట్లు లేదు. అట్లే యేండ్లు గడచినవి. 1882లో జెనీవా నగరపు శస్త్రవైద్యుడు రెవెర్డిను తన రోగులలోను అట్టి మార్పులు కనబడుచున్నవని ఆయనతో ప్రస్తావించెను. అప్పుడు గదా కోచెరునకు ఆ పాత మాట తట్టినది! వెంటనే తన పాత రోగుల నెల్లరను, దూరదూరపు లోయలనుండి, మరల వచ్చి కనబడుడని పిలిపించెను.

వారు వచ్చిరి. గ్రంథిని పూర్తిగా తీయగా వచ్చి కనబడినవారు 18 మంది. అందులో 16 మంది పాడైపోయిరి. ముఖములు ఉబ్బి, చర్మము బిరుసెక్కి, మాట మందగించి, చలికి తాళలేక, పిల్లలైనచో ఎదుగుదల నిలిచిపోయి యుండిరి. ఆ మొదటి బాలికయు వచ్చినది, చెల్లెలిని వెంటబెట్టుకొని. ఆపరేషనుకు పూర్వము ఆ యిరువురిని చూచినవారు ఎవరు అక్కయో ఎవరు చెల్లెలో పోల్చుకొనలేకపోయెడివారట. తొమ్మిదేండ్లలో చెల్లెలు నిండు యువతియైనది. అక్క పొట్టిగా, బుద్ధిమాంద్యముతో, పిల్లగానే నిలిచిపోయినది. ఆ గదిలో ఆ యిద్దరు ప్రక్కప్రక్కను నిలువబడగా, ఎదుట కుర్చీలో కూర్చుండిన కోచెరు ముఖమును నేను పలుమారు ఊహించుకొన్నాను. ఆయన దాచలేదు. 1883లో జర్మను శస్త్రవైద్యుల మహాసభలో లేచి, తాను చేసిన పని యిది, దాని ఫలిత మిది యని లెక్కలతో చదివెను. మామూలు గడ్డలకు ఇకమీద పూర్తి గ్రంథిని తీయనని నిశ్చయించుకొనెను. థైరాయిడు గ్రంథి మనిషిలో ఏమి చేయునో లోకము తెలిసికొన్నది ఆ తప్పువలననే. కోచెరు రోగులను మరల పిలువకున్నచో, ఆ పదునారుగురు తమ తమ లోయలలో మూఢులుగా బ్రదికి చచ్చియుందురు. ఆయన రికార్డులలో మాత్రము 16 విజయము లుండెడివి.

ఇందులో మరియొక విచిత్రము కలదు. వియన్నాలో బిల్‌రోత్ అను మరియొక మహావైద్యుడు అదే ఆపరేషను చేయుచుండెను. ఆయన రోగులకు ఈ మాంద్యము అరుదు. దానికి మారుగా చేతులు కొంకర్లుపోయి ఈడ్పులు వచ్చెడివి. అమెరికా శస్త్రవైద్యుడు హాల్‌స్టెడ్ ఇరువురి పనిని చూచినవాడు. 1920లో వ్రాసిన గ్రంథమున కారణమును చెప్పెను. కోచెరు మెల్లగా, చక్కగా, రక్తము చిందకుండ పనిచేసి గ్రంథి పొరను దాటి పోకుండ మొత్తము గ్రంథిని అణువు మిగులకుండ తీసెడివాడు. బిల్‌రోత్ వేగముగా కోయుచు గ్రంథి ముక్కలను వదలివేయుచు, వెనుకనున్న బియ్యపుగింజలంతటి ఉపగ్రంథులను గాయపరచెడివాడు. నెత్తుటిలోని సున్నమును కాపాడు ఆ ఉపగ్రంథులను సాండ్‌స్ట్రోము అను పరిశోధకుడు 1880లోనే మానవదేహమున గుర్తించి ప్రకటించినను, లోకము చెవియొగ్గలేదు. కాబట్టి ఒకని నేర్పే ఒక విధమైన హాని, ఇంకొకని తొందర ఇంకొక విధమైన హాని! ఆపరేషను బల్లమీద ఎవ్వరు బాగుగా చేసిరో బల్లమీద తేలలేదు; ఇంటికి పోయినపిమ్మట తేలినది.

మందు త్వరలోనే దొరకినది. 1891లో న్యూకాసిల్ పట్టణమున జార్జి మర్రే యను యువవైద్యుడు గొఱ్ఱె గ్రంథిరసమును, థైరాయిడు మందగించిన 46 ఏండ్ల స్త్రీకి సూదివేసి యిచ్చెను. ఆమె మరి 28 ఏండ్లు సుఖముగా జీవించినది. అందులకు 870కి పైగా గొఱ్ఱెల గ్రంథులు ఖర్చైనవని ఆయనయే 1920లో లెక్క వ్రాసెను. ఆ లెక్క నాకు ప్రీతిపాత్రము. మందు కనిపెట్టినవాడు దాని నిచ్చి ఊరకుండక, ఆ తల్లి పోవువరకు ఆమె వెంటనుండి గొఱ్ఱెలను లెక్కపెట్టుచుండెను గదా! నేడు పరగడుపున వేసికొను చిన్న తెల్లని మాత్ర ఆ గొఱ్ఱెలమంద కంతటికి ప్రత్యామ్నాయము.

ఇక నా తప్పును చెప్పెదను. ఉద్యోగపు తొలిరోజులలో, నేను పేరు చెప్పదలచని ఒక ఆసుపత్రిలో, సముద్రతీరపు జీడితోటల ఊరినుండి వచ్చిన ఒక స్త్రీకి గ్రంథి మొత్తమును తీసితిని. అప్పటికి గడ్డ రెండు ప్రక్కల నిండియుండుటచే వేరు గతి లేదు. నరమును కాపాడితిని. స్వరతంత్రులను కదలించు ఆ నరము గ్రంథి వెనుక, శ్వాసనాళము ప్రక్కగా, తడిసిన తెల్లని నూలుపోగువలె పోవుచుండును. రెండవ శతాబ్దిలోనే గేలెను అను వైద్యుడు పందిమెడలో దానిని కట్టివేసి అరపు ఆగిపోవుటను జనులకు చూపెను. ఆమెకు తెలివిరాగానే మా అలవాటు చొప్పున “పేరు చెప్పమ్మా” యంటిని. స్పష్టముగా చెప్పినది. నా ఆనందమునకు మేర లేదు. అయిదవనాడు పంపివేయుచు, కాగితముమీద మాత్ర పేరు వ్రాసి, ప్రక్కన జీవితాంతము వాడవలెనను అర్థము వచ్చునట్లు ఇంగ్లీషులో రెండక్షరములు గిలికితిని. ఆమె ఏ భాషలో చదువుకొన్నదో, అసలు చదువుకొన్నదో లేదో నే నడుగలేదు.

రెండేండ్లకు, వైశాఖమాసపు మిట్టమధ్యాహ్నమున, ఒక మనిషి దుప్పటి కప్పుకొని మా గుమ్మములో నిలిచినది. నేను గుర్తుపట్టలేదు. ముఖము ఉబ్బి, కనుబొమలు పలుచబడి, గొంతు బొంగురుపోయి, మాటకు మాటకు నడుమ ఊపిరి తీసినంత సేపు పట్టుచుండెను. మెడమీది గీతను చూచి అప్పుడు పోల్చుకొంటిని. అది నేను కుట్టిన కుట్టే. మాత్ర వేసికొనుచుంటివా యని యడిగితిని.

“గడ్డ పోనాది గదా బావూ, ఇంకా మందెందుకని మానీసినాను” అన్నది.

ఆమె తర్కములో దోషమేమి? జబ్బు పోయిన తరువాత మందు మానుటయే లోకధర్మము. కోచెరు 1883లో చూచినదానిని, నూరేండ్లకు పైబడి, చేతిలో మందుండియు, నేను నా కుర్చీలోనుండి చూచితిని. మాత్ర మొదలుపెట్టిన కొన్ని నెలలకు ఆమె మునుపటి మనిషియైనది. నేను మాత్రము కాలేదు. ఆనాటినుండి నా రోగుల ఫోను నంబర్లను నేనే ఒక గళ్ళపుస్తకములో వ్రాసికొనుట మొదలుపెట్టితిని.

ఈ పుస్తకమున సగము పేర్లు క్యాన్సరు రోగులవి. 1985లో ఫిట్జ్‌హ్యూ ముల్లన్ అను అమెరికా వైద్యుడు, తానే క్యాన్సరుకు గురియై కోలుకొన్నవాడు, ఒక వ్యాసము వ్రాసి, చికిత్స ముగియుటతో రోగి కథ ముగియదని, బ్రదుకుటలోను ఋతువులున్నవని చెప్పెను. మొదటిది చికిత్స ఋతువు. రెండవది చికిత్స ఆగి భయము మిగిలిన ఋతువు. మూడవది చాలకాలమునకు వచ్చు నెమ్మది. మా విద్య యంతయు మొదటి ఋతువునకే. మన పత్రికలు వీరిని ‘క్యాన్సరు విజేతలు’ అని వ్రాయుచున్నవి. ఆ మాట నాకు రుచింపదు. రక్తపరీక్ష ఫలితము వచ్చు రోజున అన్నము సయించని మనిషిని విజేత యని పిలిచి ఆమెను మరింత ఒంటరిని చేయనేల? బ్రదికియున్నవా రనిన చాలును.

థైరాయిడు క్యాన్సరులలో అధికభాగము మెత్తని స్వభావము గలవి. ఆపరేషను, అవసరమైనచో అయోడిను రేడియో ఐసోటోపు చికిత్స, అటుపిమ్మట మాత్ర. ఈ మూడింటితో చాలమంది నిండు జీవితము గడపుదురు. ఐసోటోపు తీసికొన్నవారు కొన్నినాళ్ళు ఎడముగా ఉండవలెను. దాని శక్తి ఎనిమిది రోజుల కొకమారు సగము తగ్గును. మా రోగులలో ముసలమ్మలకు ఇది చెప్పుట ఎంత సులభమో! “మూల కూర్చోమంటారు, అంతే గదా” అని వారే అందురు. ఎడముగా ఉండుట యేమో ఆ తరమువారికి నేర్పవలసిన పని లేదు. కష్టము దాని తరువాతిది. ఈ జబ్బు పదేండ్లకు, ఒక్కొక్కప్పుడు ఇరువదేండ్లకు మరల మెడలోని బిళ్ళలలో తలయెత్తగలదు. కావున థైరోగ్లోబులిను అను రక్తపరీక్ష, మెడకు అల్ట్రాసౌండు, మాత్ర మోతాదు సరిచూచుటకు టీఎస్‌హెచ్, ఇవి ఏండ్ల తరబడి సాగవలెను. గ్రంథి పూర్తిగా తీసినవారిలో థైరోగ్లోబులిను దాదాపు లేకుండ నుండవలెను. పెరుగుచున్నదనిన ఎక్కడో కణములు మేలుకొన్నవని అనుమానము. ఈ పరీక్షను ప్రతిమారు ఒకే ప్రయోగశాలలో చేయించుట మేలు. పద్ధతి మారిన అంకె మారును, అంకె మారిన ఇల్లంతయు ఏడ్చును.

ఏండ్ల తరబడి యనిన మాట నోట అనుట సులువు. రాత్రి రైలెక్కి, తెల్లవారుజామున హైదరాబాదులోనో విశాఖలోనో దిగి, ఆసుపత్రి వరండాలో మధ్యాహ్నము వరకు కూర్చుండి, మూడు నిమిషములు డాక్టరును చూచి, “బాగానే ఉంది, ఆరు నెలలకు రండి” అను అయిదు మాటలు విని, మరల రాత్రి రైలెక్కు మనిషికి ఆ అయిదు మాటల వెల యెంత? రెండు రోజుల కూలి, తోడువచ్చినవారి కూలి, చార్జీలు, పూటకూళ్ళు. రెండుమారులు వచ్చును, మూడవమారు పంట కోతలని మానును, నాలుగవమారు మరచును. ఆమెను మేము ‘తప్పిపోయిన రోగి’ యని వ్రాసికొందుము. తప్పిపోయినది ఆమెయా, మేమా?

రోగిని రప్పింపక దూరమునుండియే వైద్యము చూచు యత్నములలో మన సీమకు మంచి స్థానమే కలదు. చిత్తూరు జిల్లా అరగొండ గ్రామపు ఆసుపత్రిని పట్టణ వైద్యులతో కలిపిన దూరవైద్య కేంద్రమును 2000 మార్చిలో అమెరికా అధ్యక్షుడు క్లింటను ప్రారంభించుట పెద్దలకు జ్ఞాపకముండును. తిరువనంతపురములోని ప్రాంతీయ క్యాన్సరు కేంద్రమువారు, చికిత్స ముగిసినవారు ప్రతిమారు రాజధానికి రానక్కరలేకుండ, జిల్లాలలోని కేంద్రములతో కలిసి పర్యవేక్షించు ఏర్పాటును ఈ శతాబ్ది ఆరంభమునందే చేసిరి. 2020 మార్చి 25న, దేశమంతయు తలుపులు మూసికొన్న నాడు, ఫోనుమీదను వీడియోమీదను వైద్యము చేయుటకు నియమావళి ప్రకటింపబడినది. అందు పాత రోగికి పాత మందును కొనసాగించుటకు స్పష్టమైన అనుమతి యున్నది. అంతకుముందు ఫోనులో మోతాదు మార్చి చెప్పినపుడెల్ల నాకు దొంగతనము చేసినట్లుండెడిది.

దూరమునుండి చూచిన మేలు కలదా యని శంకించువారికి ఒక్క సాక్ష్యము చాలును. న్యూయార్కులోని స్లోన్ కెటరింగు క్యాన్సరు ఆసుపత్రిలో ఈథన్ బాష్ బృందమువారు, ముదిరిన క్యాన్సరుతో కీమో పొందుచున్న 766 మందిని రెండు భాగములు చేసి, ఒక భాగమువారిని తమ బాధలను తామే కంప్యూటరులో తెలుపుడనిరి. బాధ ముదిరినపుడు నర్సుకు కబురందును. 2017లో ప్రకటించిన ఫలితము ప్రకారము, అట్లు తెలిపినవారి మధ్యస్థ ఆయుర్దాయము 31.2 నెలలు, మామూలు పద్ధతివారిది 26 నెలలు. కొత్త మందు లేదు, కొత్త యంత్రము లేదు. అడిగిరి, విన్నారు. ఆ రోగులు వేరు, నా థైరాయిడు రోగులు వేరు. ఆ అంకెను ఇక్కడికి అట్లే మోసికొనిరాను. కాని అడుగుటకు గల శక్తిని అది కొలిచి చూపినది.

మా పద్ధతి మోటైనది. ఇంటికి పంపిన మూడవనాటి సాయంకాలమున మా నర్సమ్మ ఫోను చేయును. మూడవనాడే యేల? ఆపరేషనులో ఉపగ్రంథులు అలసినచో సున్నము తగ్గుట ఆ రోజులలోనే బయటపడును గనుక. ఒకనాటి ఫోను నేనును విన్నాను. “మూతి చుట్టూ చీమలు పాకుతున్నట్టుందండీ, వేళ్ళు జివ్వుమంటున్నాయి” అని ఆమె. క్యాల్షియము వేసికొనుచుంటివా యనగా కొంత నిశ్శబ్దము. భర్త ఫోను తీసికొని చెప్పినాడు: సుద్దముక్కంత మాత్రలు ఆమెకు మింగుడుపడలేదట, దేవుని గూటిలో భద్రముగా నున్నవట. ఇంకను ఆరా తీయగా మరొకటి తేలినది. థైరాయిడు మాత్రయు, ఇనుము మాత్రయు, మ్రింగగలిగిననాడు సున్నపు మాత్రయు అన్నియు ఉదయపు కాఫీతో ఒక్కమారే యిచ్చుచున్నాడట, “అన్నీ ఒకేసారైతే మర్చిపోదు కదండీ” అని. థైరాయిడు మాత్రను పరగడుపున మంచినీళ్ళతో వేసికొని, కాఫీకి అరగంట యాగి, సున్నమును ఇనుమును నాలుగు గంటలు ఎడము చేయవలెనని మే మాసుపత్రిలో చెప్పియే యుంటిమి. కాని ఆసుపత్రిలో చెప్పినది ఆసుపత్రి గోడలకు వినబడును. ఆ యింటి గూడు మాకు కనబడినది ఫోనులోనే. సున్నమును నమిలి తినుమని, తిమ్మిరి పెరిగినచో రాత్రియని చూడక దగ్గరి ఆసుపత్రికి పొమ్మని చెప్పి, గంటకొకమారు మరల పలుకరించితిమి.

ఫోనునకు గల ఇంకొక సుగుణమును శస్త్రవైద్యులే యెఱుగుదురు. మాకు అది కేవలము సమాచారసాధనము కాదు, పరీక్షాసాధనము. రోగి “హలో” అన్నంతనే నా నరము ఎట్లున్నదో నాకు తెలియును. బొంగురా, గాలి పోవుచున్నదా, వాక్యము చివర గొంతు అలయుచున్నదా? గుడిలో పాడుకొను ఒకామె, మాట బాగున్నను పై స్థాయి అందుటలేదని చెప్పినది. పరీక్షలలో తేలని పైనరపు దెబ్బ అది. ఆసుపత్రి రణగొణధ్వనిలో నేను వినలేనిది ఫోనులో విన్నాను.

చేతకానివి చాల కలవు. మెడలో కొత్తగా లేచిన గట్టి బిళ్ళను ఫోను తడవలేదు. కెమేరా ముందు మెడచాపి “ఏమైనా కనిపిస్తుందా” యని అడుగువారికి, కనబడుటలేదని చెప్పుట అబద్ధము కాకున్నను, లేదని చెప్పుట అబద్ధమే యగును. అంతకంటె చిక్కైనది మరొకటి: ఫోను ఎవ్వరిది? మా పుస్తకములోని నంబర్లలో చాలభాగము రోగివి కావు, కొడుకువి. “అమ్మకు తెలియదండీ, గడ్డ అని చెప్పాం. ఏదున్నా నాకు చెప్పండి” అనును. నివేదిక మొదట వాట్సాపులో అమెరికాలోని కూతురికి పోవును. ఆమె అర్ధరాత్రి లేచి అంకెలను గూగులులో వెదకి ఏడ్చి, తెల్లవారకముందే తల్లికి ఫోను చేసి “అంతా బాగానే ఉందిట అమ్మా” అనును. తల్లి నన్నడుగును: “బాగుంటే దానికి జలుబెందుకు చేసింది బాబూ, గొంతు పూడుకుపోయింది?” వా రొకరినొకరు ప్రేమించుటలో నాకు సందేహము లేదు. అయినను తన జబ్బు పేరు తెలియని మనిషి, ఏ లక్షణమును చూచి భయపడవలెనో, ఎప్పుడు ఫోను చేయవలెనో ఎట్లు తెలిసికొనును? పర్యవేక్షణ దూరమునుండి సాగవలెనన్న, పక్కవాడుగాదు, రోగియే మొదటి కాపలాదారు కావలెను. నేను ఇప్పుడు ఆపరేషనుకు ముందే, రోగితో ఒంటరిగా, ఆమె సొంత నంబరేదో అడుగుచున్నాను. లేకున్నచో ఇరుగుపొరుగులో ఆమె నమ్మిన మనిషి యెవరో అడుగుచున్నాను.

మన్యపు అంచునున్న ఒక పల్లెలో ఆ నమ్మిన మనిషి ఆశా కార్యకర్త. గత నెలలో ఒక సోమవారము ఆమె వీడియో కలిపినది. సిగ్నలు ఇంటిలో అందదు కాబట్టి చింతచెట్టు క్రింద మంచము వేసిరి. ఆపరేషను జరిగి ఆరేండ్లైన మనిషి మంచముపై కూర్చుండినది. రక్తపరీక్ష కాగితము చూచితిని, బాగున్నది. పొమ్మని చెప్పబోయి ఆగి, ఆశమ్మను రోగి వెనుక నిలువుమని, రెండు చేతుల వ్రేళ్ళను మెడకు ఇరుప్రక్కల చెవి క్రిందినుండి కాలరెముక వరకు మెల్లగా జార్చుమంటిని. ఆమె మొదట సిగ్గుపడినది. మా యాసుపత్రిలో రెండుమారులు చేయించి నేర్పినదే గాని, డాక్టరు చూచుచుండగా చేయుట ఆమెకు కొత్త. తరువాత గ్లాసుడు నీళ్ళిచ్చి త్రాగించుమంటిని. రోగి గుటక వేయుచుండగా మెడమీది నా పాత గీత పైకి లేచి క్రిందికి దిగుట, తెర వణకుచున్నను, నాకు కనబడుచునే యున్నది.

“ఏమైనా ఉందా సార్?” అన్నది ఆశమ్మ.

“నా కిక్కడినుండి తెలియదమ్మా. నీ వేళ్ళకు తగిలినదేమో నీవు చెప్పు” అంటిని.

ఆమె మరల ఒకమారు, ఈసారి కన్నులు మూసికొని, ఎడమప్రక్కనుండి మొదలుపెట్టినది.